పాస్‌వర్డ్ చూడని సార్

మొన్న పొద్దున వార్డులో మందులు ఇస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేయదు. "సార్ పోయిండు బిడ్డా" అంది. ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇంట్లో సార్ అంటే ఒక్కరే, బోరబండ స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ నడిపే సార్. దుకాణం తెరిచి, వచ్చినవాళ్లను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, తన కుర్చీలోనే ఒరిగిపోయారట. దవాఖానకు తీసుకుపోయేసరికే ఊపిరి లేదన్నారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసినవాళ్లకు పేరు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఆయనది టైపు ఇన్‌స్టిట్యూట్. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఆయన మాత్రం టైపు మాస్టారుగానే ఉండిపోయారు. హైటెక్ సిటీ టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు పీఎఫ్ కోసమో పిల్లల హాల్‌టికెట్ కోసమో ఆయన దగ్గరికి వచ్చేవారు. గ్యాస్ బుక్ చేసుకుందామని వచ్చిన మనిషికి కూడా "నడుము నిటారుగ పెట్టు, పని వేళ్లది, వీపుది కాదు" అని పాఠం తప్పేది కాదు. ఎవరైనా గబగబా కొడితే "తొందర వేళ్లకుండాలె, మనిషికుండొద్దు" అనేవారు. పాపం, డ్యూటీ దిగి వచ్చిన గార్డు నిద్రమొహంతోనే నిటారుగా కూర్చునేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా లేచి గోడవైపు తిరిగి నిలబడేవారు. పక్కకు చూడడం కాదు, వీపు చూపించి నిలబడడమే. ఎందుకు సార్ అంటే, "నా కండ్లు మంచియి కావు బిడ్డా. వేలు కదిలితే అక్షరం కనవడ్తది నాకు. ఇన్నేండ్ల అలవాటు, ఆపుదమన్నా ఆగది" అన్నారు. అక్కడికి వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, ఆ అలవాటు నా మీదికే వచ్చేదాకా.

అప్పుడు నేను ఇంటర్ పరీక్షలు రాస్తూ సిద్దిపేటలో హాస్టల్లో ఉన్నాను. నర్సింగ్ కౌన్సెలింగ్‌కు పేరు నమోదు చేయించడానికి అమ్మ కాగితాలు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లింది. అమ్మది కూడా టవర్లలో హౌస్‌కీపింగే, చదువు రాదు. పాస్‌వర్డ్ పెట్టాలి అన్నచోట ఇంకెవరైనా అయితే పిల్ల పేరు పెట్టి, వెనక ఒకటి రెండు మూడు తగిలించి పంపేవారు. సార్ ఒప్పుకోలేదు. "నీ బిడ్డ చదువు చెల్లె ఇది. నీకిష్టమొచ్చిన మీటలు కొట్టు. ముగ్గేస్తవు గద, గట్ల పో. నేను చూడ" అని గోడవైపు తిరిగారు. అమ్మ మీటల మీద ముగ్గు వేసింది. మళ్లీ కొట్టమంటే మళ్లీ అదే ముగ్గు, చెయ్యి తప్పకుండా. దాచిపెట్టుకోమంటావా అని బ్రౌజర్ అడిగిందట. ఏముందో చదవలేకపోయినా మెరుస్తున్న బటన్ నొక్కింది, అది అవును అన్నది. అడిగిన ప్రతిదానికీ అవును అనడం అమ్మకు ఆఫీసులో అలవాటే.

కాలేజీలు ఎంచుకోవడానికి ఆఖరిరోజు నేను వచ్చాను. పాస్‌వర్డ్ ఏందమ్మా అంటే, "చేతికొస్తది గని నోటికి రాదు" అంది. పోనీ కొత్తది పెట్టుకుందామంటే, ఓటీపీ రావాల్సిన నంబరున్న అమ్మ ఫోను నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలో జారిపోయింది. అమ్మను కూర్చోబెట్టాం. అందరూ చూస్తుంటే ఆమెకు ముగ్గు కుదరలేదు. తప్పు. మళ్లీ తప్పు. ఇంకోసారి తప్పితే ఈ రోజుకు తలుపు మూసేస్తామని తెర మీద వచ్చింది. సాయంత్రంతో గడువు అయిపోతుంది. "ఇగ ఆపు చెల్లె" అన్నారు సార్.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోతుండె సార్?" అని అరిచాను. ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. ఆయన కోప్పడలేదు. "చూస్తే చెప్తుంటి బిడ్డా. చూడలె" అన్నారు. అని, ఏదో గుర్తొచ్చి మెట్ల కిందికి వెళ్లారు. పేరు నమోదు చేయించిన రోజు అమ్మ కూర్చున్నది పాత కంప్యూటర్ ముందు. అది తీసేసి కొత్తవి పెట్టారు. పాతది గోనెసంచిలో కట్టి, పాత సామాన్ల బండి కోసం మెట్ల కింద పెట్టారు.

దాన్ని బయటికి లాగి, దుమ్ము తుడిచి, వైర్లు కలిపారు. చాలాసేపు గురగురమని, చివరికి తెర వెలిగింది. బ్రౌజర్ తెరిస్తే కౌన్సెలింగ్ సైటు రాలేదు. ఈ బ్రౌజర్ బాగా పాతది, కొత్తది వేసుకోండి అని వచ్చింది. వేసేద్దామని నేను మౌస్ అందుకోబోతే సార్ నా చెయ్యి పట్టుకున్నారు. "జర ఆగు! కొత్తదేస్తే పాతదాంట్ల ఏం మింగుతదో తెల్వది. సైటు తెరవకుంటె తెరవకపోనీ, ఫికర్ లేదు. దాని కడుపుల దాసుకున్నది కక్కితే సాలు."

సెట్టింగుల లోపలికి, ఇంకా లోపలికి వెళ్లారు. దాచిన పాస్‌వర్డులు అన్నచోట కౌన్సెలింగ్ సైటు పేరు, దాని పక్కన వరసగా నల్లచుక్కలు కనిపించాయి. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. సార్ మౌస్ నా చేతికిచ్చి, చూపించు అన్న బటన్ మీద వేలు పెట్టి చూపించి, లేచి గోడవైపు తిరిగారు. "చూసుకో. బయటికి సదవకు."

నొక్కాను. ఏ భాషలోనూ అర్థంలేని అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. అరచేతి మీద పెన్నుతో రాసుకుని, కొత్త కంప్యూటర్ మీద ఒక్కొక్కటే కొట్టాను. నా వేళ్లు చూస్తూ వెనకనుంచి అమ్మ, "గదే, గదే, గట్లనే తిరిగిన" అంటోంది. తలుపు తెరుచుకుంది. కాలేజీలన్నీ ఎంచుకున్నాక సార్ నాచేత పాస్‌వర్డ్ మార్పించారు, పాతదాంట్లో దాచింది చెరిపించారు, "పో, చెయ్యి కడుక్కొని రా" అన్నారు. సబ్బుతో రుద్దేదాకా ఊరుకోలేదు.

నాకు సీటొచ్చింది. ఈ తెల్లబట్టలు, ఈ జీతం, అమ్మ ముఖంలో ఈ నిమ్మళం ఆయన చలవే. రోగి దుప్పటి తీసేముందు చుట్టూ తెర లాగాలని మాకు కాలేజీలో నేర్పారు. అది నేను బోరబండలోనే నేర్చుకుని వెళ్లాను.

మొన్న అమ్మ ఫోన్ పెట్టేశాక పర్మిషన్ తీసుకుని వెళ్లేసరికి దుకాణం ముందు టెంటు వేశారు. సార్‌ను పడుకోబెట్టారు, ఆయన భార్య తలదగ్గర కూర్చుని ఉంది. అమ్మ టవర్ నుంచి హౌస్‌కీపింగ్ బట్టల్లోనే వచ్చింది. షట్టర్ సగం దించి ఉంది. లోపల కంప్యూటర్లన్నీ పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే వెలుగుతున్నాయి. మనవాళ్లు ఫారాలు నెమ్మదిగా నింపుకుంటారని, తెర దానంతటది ఆరిపోకుండా సార్ పెట్టించారు. ఆయన ఒరిగిపోగానే అందరూ ఎక్కడివక్కడ వదిలేసి ఆయన్ని ఎత్తుకుని పరుగెత్తారు. ఎవరి బ్యాంకు, ఎవరి పీఎఫ్, ఎవరి దవాఖాన రిపోర్టు తెరిచి ఉన్నాయో.

కరెంటు ఆపి తాళం వేద్దామని ఆయన కొడుకు లేచాడు. నేనూ సాయం వెళ్లబోయాను. అమ్మ షట్టర్‌కు అడ్డంగా నిలబడింది.

"మీరు ఈడనే ఉండుండ్రి. మీకు సదువొస్తది" అంది. "నేను బంద్ జేస్త."

రోజూ ఆఫీసుల్లో కంప్యూటర్లు తుడిచే మనిషి, ఏ బటన్ నొక్కాలో తెలుసు. చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్లింది. ఆయన కొడుకు, నేను బయటే నిలబడ్డాం. షట్టర్ కింద నుంచి అమ్మ పాదాలు, నేల మీద తెరల నీలం వెలుగు కనిపిస్తున్నాయి. ఆ పాదాలు ఒక్కో కుర్చీ దగ్గర ఆగుతున్నాయి, ఆగినచోటల్లా నేల నల్లబడుతోంది.