రొట్టెలమ్మకు అందని రొట్టె

ఆదివారం పూజకు కావలసిన రొట్టెలన్నీ ఆమె చేతి మీదుగానే గుడికి వెళ్లేవి. అందరూ వరుసకట్టి అందుకుంటుంటే, ఆ రొట్టె నోట పెట్టుకోకుండా బల్ల మీదే కూర్చుండిపోయే మనిషీ ఆమే. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై నాలుగేళ్లు అలాగే గడిచాయి. వీధిలో అందరూ ఆమెను రొట్టెలమ్మ అనేవారు.

ఆ పని చెప్పుకోవడానికి చిన్నదే. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు పడకూడదు, పిండి పులియకూడదు. జారుగా కలిపి, సిలువ గుర్తు చెక్కిన రెండు ఇనుప పలకల మధ్య గరిటెడు పోసి, మూసి పొయ్యి మీద పెడితే కాగితమంత పలచని రేకు వస్తుంది. దాన్ని వెంటనే కోస్తే పెళుసుగా విరిగిపోతుంది. తడిబట్ట కింద ఉంచి, కాస్త మెత్తబడ్డాక గుండ్రటి అచ్చుతో కోయాలి. ఈ విద్య ఆమెకు తల్లి దగ్గర అబ్బింది. తల్లి పోయాక ఇంకెవరు చేసినా రేకులు మాడిపోయేవి, లేకపోతే పలకకు అంటుకుపోయేవి. అందుకని పెద్ద ఫాదర్‌గారు ఆమెనే చేయమన్నారు. చేయడానికి అడ్డు లేదు, తినడానికే అడ్డు అని ఆయనే మొహమాటంగా చెప్పారు.

ఆ అడ్డు పెళ్లితో వచ్చింది. ఆమెది కథోలిక కుటుంబం. ఆమె మనసుపడి చేసుకున్నవాడు కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, పాస్టరుగారి ప్రొటెస్టెంటు సంఘంలో సభ్యుడు. ఆమె తండ్రి ససేమిరా అన్నాడు. దాంతో పెళ్లి పాస్టరుగారి హాల్లో, ఇరవై మంది మధ్య జరిగిపోయింది. ఫాదర్ ముందు జరగని పెళ్లి ఆమె గుడి లెక్కలో పెళ్లే కాదు. అది సరిచేసుకునేదాకా ఆమెకు సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ పంచే ఆ రొట్టె, లేదు.

పెళ్లయిన మూడో నెలలో పెద్ద ఫాదర్‌గారు ఇంటికి వచ్చారు. ఇద్దరూ వచ్చి తన ముందు పెళ్లికి మళ్లీ ఒప్పుకుంటే చాలు, పది నిమిషాల పని అన్నారు. అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, చాలా మర్యాదగానే జవాబిచ్చాడు.

"ఒకసారి దేవుడి ముందు చేసుకున్నానండీ. ఇంకోసారి చేసుకుంటే మొదటిది ఉత్తదేనని ఒప్పుకున్నట్టు. అది మాత్రం నావల్ల కాదు."

కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డ ఆమెకు ఆ మాట వినిపించింది. తమ పెళ్లిని అంత గట్టిగా వెనకేసుకొచ్చినందుకు ఆమెకు లోపల్లోపల గర్వంగానే అనిపించింది. ఆ రోజు తర్వాత ఆమె ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

మిగతా విషయాల్లో మాత్రం ఇద్దరికీ రోజూ వాదనే. మనిషి చేసే పనుల వల్ల రక్షణ రాదు, అంతా కృపే, విశ్వసిస్తే చాలు అనేవాడు అతను. ఏ మాట మాట్లాడినా కృప దగ్గరే తేలేవాడు గనక అతనికి కృపగారని పేరు పడింది. విశ్వాసం ఒక్కటే చాలదు, చేతలూ ఉండాలనేది ఆమె వాదన. తమాషా ఏమిటంటే, చేతలన్నీ అతనివే. ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేది అతను, ఎవరింట్లో కుళాయి ఊడినా పరుగెత్తేది అతను. చేతలు ఉండాలన్న సిద్ధాంతాన్ని ఆమె కుర్చీలో కూర్చుని కాపాడేది. ఆ సంగతి ఆమే ఒప్పుకునేది. ఇవన్నీ రక్షణ సంపాదించుకోవడానికి కాదు, అది దొరికేసింది గనక చేస్తున్నానని అతను అంటే, అది దొరికినవాళ్లు కాసేపు నడుం వాల్చవచ్చు కదా అనేది ఆమె.

రొట్టె దగ్గర వాదం ఇంకో రకం. అచ్చుతో కోయగా మిగిలిన అంచుముక్కలను అతను టీలో ముంచుకుని తినేవాడు. ఫాదర్ ప్రార్థించాక అది క్రీస్తు శరీరమే అవుతుందని ఆమె, ఎవరు ప్రార్థించినా రొట్టె రొట్టే, ఆయన్ని జ్ఞాపకం చేసుకోవడమే ముఖ్యమని అతను. ఆ ముక్కలు ప్రార్థించనివే గనక ఎవరు తిన్నా తప్పులేదు. అయినా ఆమె ఏనాడూ ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. ఆకలేసి దొంగతనంగా తిన్నట్టు ఉంటుందట.

పెళ్లయిన ఐదారేళ్లకు ఒక ఆదివారం అతను తన సంఘంలో ప్రభువు బల్ల, అంటే వాళ్లు రొట్టె విరిచి పంచుకునే ప్రార్థన, అయ్యాక మిగిలిన రొట్టెలోంచి ఒక ముక్క జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. అక్కడ ఎలాగూ లేదు, కనీసం ఇదైనా తిను అన్నట్టు ఆమె ముందు పెట్టాడు. పాపం, మంచి మనసుతోనే తెచ్చాడు. తింటే అతని బల్లకు చేరినట్టవుతుందని ఆమె తినలేదు. సరే, పారేద్దామంటే ఇద్దరికీ చేయి రాలేదు. ఫాదర్ ప్రార్థించనిది గనక ఆమె నమ్మకం ప్రకారం అది మామూలు రొట్టె, అతని నమ్మకం ప్రకారమూ మామూలు రొట్టే. అయినా ఆ ముక్క ఉప్పు డబ్బా పక్కన నెల రోజులు ఎండింది. చివరికి ఆమె పూలకుండీలో గుంట తీసి పూడ్చిపెట్టింది.

పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే బాప్తిస్మం ఎక్కడన్న యుద్ధం ఒకటి జరిగేదని నవ్వుతూ చెప్పుకునేవారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

గుడికి కొత్తగా వచ్చిన ఫాదర్ కుర్రవాడు. రొట్టెలు చేసే మనిషే వరుసలోకి రాకపోవడం రెండో ఆదివారమే చూసి, మూడో ఆదివారం సంగతేమిటని అడిగాడు. ఆమె చెప్పింది. మా ఆయన రాడు, రమ్మని నేను అనను అని కూడా చెప్పింది. ఫాదర్ ఆ వారమే ఇంటికి వచ్చి, మిషను ముందు కూర్చున్న కృపగారిని ఒక్కటే ప్రశ్న అడిగాడు. ఈమె మీ భార్యేనని ఇప్పటికీ అనుకుంటున్నారా?

"మరింకెవరండీ?" అన్నాడు అతను, కొంచెం కోపంగానే.

అది చాలు అన్నాడు ఫాదర్. ఒకరు మళ్లీ ఒప్పుకోవడానికి రాకపోయినా, మొదటి రోజు ఇచ్చుకున్న మాట ఇంకా నిలిచి ఉంటే, బిషప్‌గారు ఆ పెళ్లిని మొదటి నుంచీ చెల్లినట్టు చేయవచ్చట. ఎవరూ ఎక్కడా నిలబడనక్కర్లేదు. ఆమె పెట్టుకోవలసింది ఒక అర్జీ. రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. అది చదివి కృపగారు పగలబడి నవ్వాడు. నా క్రియ ఒక్కటీ లేకుండానే మీ బిషప్‌గారు నన్ను నీతిమంతుణ్ణి చేసేశారన్నమాట అన్నాడు. ఫాదరూ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఈ దారి ముప్పై నాలుగేళ్ల క్రితం కూడా ఉందా అని అడిగింది. ఉందని చెప్పడానికి ఫాదర్ నీళ్లు నమిలాడు.

శనివారం ఆమె ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసింది. అన్నేళ్ల పాపాలూ రెండు నిమిషాల్లో అయిపోయేసరికి ఆమెకే చిన్నతనంగా అనిపించింది. ఆదివారం వరుసలో నిలబడింది. ఆమె చివరిసారి తీసుకున్న రోజుల్లో మోకరించి నాలుక మీద తీసుకునేవారు. ఇప్పుడందరూ నిలబడి చేతులు చాపుతున్నారు. ఆ మార్పు బల్ల మీద కూర్చుని ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉంది. కానీ తన వంతు వచ్చేసరికి మోకాళ్లు వాటంతటవే వంగాయి. వెనకాయన వచ్చి తగిలాడు, వరుస ఆగిపోయింది. ఫాదర్ కిందికి వంగి నాలుక మీద పెట్టాడు. రుచేమీ లేదు, ఉండకూడదని ఆమెకు తెలుసు. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి అతను గుమ్మం దగ్గర మిషను ముందు వేసుకుని నూనె పెడుతున్నాడు. ఎలా ఉందని అడిగాడు. బాగుందంది. అతను చక్రం తిప్పుతూ, తలెత్తకుండా అన్నాడు.

"నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే నేనెప్పుడో వచ్చి నిలబడేవాణ్ణి. ఏడెనిమిదేళ్లకే ఆ పంతం పోయింది నాకు. ఇవాళ అడుగుతావు, రేపు అడుగుతావు అని చూశాను. నువ్వే ఎత్తలేదు."

ఆమె చెప్పులు విప్పబోతూ ఆగిపోయింది. ఒక మనిషి మీద అంత కోపం రావచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అయినా గొంతు పెంచలేదు.

"దేవుడు అడక్కుండానే ఇస్తాడనే కదండీ మీరు జన్మంతా ఊరికి చెప్పింది. మరి మీరు నేనడిగేదాకా ఎందుకు ఆగారు?"

అతని దగ్గర ప్రతిదానికీ ఒక బైబిలు వచనం ఉండేది. ఈసారి అతను నూనె డబ్బా కింద పెట్టి, "తప్పు నాదే, క్షమించు" అన్నాడు. ఆ మాట అతను దేవుడితో అనగా ఆమె రోజూ వింటూనే ఉంది. తనతో అనడం అదే మొదలు.

ఆమె వెంటనే క్షమించలేదు. బుధవారం దాకా పట్టింది.