లోపలి గది పడని ఫొటో

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఫొటో స్టూడియో నడిపే షైనీకి భయమంటే తెలియదనుకునేవాళ్లం. పక్కన జెరాక్స్ షాపు నాది. పెళ్లిపందిట్లో ఎంతటి పెద్దమనిషినైనా "అడ్డం తప్పుకోండి" అని దబాయించే రకం ఆమె. అలాంటిది ఆ మధ్యాహ్నం గాబరాగా నన్ను పిలిచింది.

పొద్దున ఏదో అప్‌డేట్ వేస్తే ఆమె కంప్యూటర్ మొరాయించింది. రోజూ షాపు తెరవగానే డిస్కుకి స్నాప్‌షాట్ తీసి పెడుతుంది. అంటే ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా పట్టి ఉంచడం. డిస్కుని నిన్నటి స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పేసింది. కంప్యూటర్ బాగైంది గానీ, సీతారామపురం పెళ్లి ఫోల్డర్ తెరిస్తే ఖాళీ.

ఆ పెళ్లిలో పెళ్లికూతురి తాత చెంచయ్య అక్షింతలు వేసి నాలుగు మాటలు చెప్పాడు. ఆ వారంలోనే పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. కెమెరా కార్డులు వేరే పెళ్లికని తుడిచేశారు. ఆయన భార్య వెంకటసుబ్బమ్మ, వీడియో చూసిపోదామని వచ్చి బయట బెంచీ మీద కూర్చునుంది.

"ఆమెకేం చెప్పేది?" అంది షైనీ.

స్టూడియోలో సగం వాటా ఉన్న కేశవకి ఇదేం పట్టలేదు. తిప్పేశాక, చెడిపోయిన పాత రూపం కూడా అదే డిస్కులో ఓ పక్కన మిగిలిపోయి జాగా తినేస్తోందని అతని బాధ.

"చెడిపోయింది ఇంకెందుకు? తీసేస్తుండా" అని కమాండ్ కొట్టాడు. అది ఖాళీగా లేదంటూ కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"ఏంది దీని గోల! లోపలున్నదాంతో సహా పొమ్మంటే సరి" అని మళ్లీ టైపు చేయబోయాడు.

"ఆగరా!" షైనీ అతని చెయ్యి పట్టి లాగింది. "ఖాళీగా లేదంటే, లోపల ఏముండాది?"

ప్రతి పెళ్లికీ ఆమె డిస్కులోనే సబ్‌వాల్యూమ్ అనే చిన్న విభాగం విడిగా కడుతుంది, ఆల్బమ్ ఇచ్చేశాక ఒక్క దెబ్బకు తీసేయొచ్చని. పై డిస్కుకి స్నాప్‌షాట్ తీస్తే లోపలి విభాగం అందులోకి రాదు. ఇంటిని ఫొటో తీస్తే గది తలుపు పడుతుంది, గదిలో మనుషులు పడరు. ఇన్నాళ్లూ ఇది ఆమెకు తట్టలేదు. పెళ్లి వీడియో మొత్తం కేశవ తీసేయబోయిన పాతదాంట్లోనే ఉంది.

వెతికి తెరిచేసరికి చెంచయ్య తెర మీదకొచ్చాడు. "ఒకరినొకరు భయపెట్టుకోకుండా బతకండి" అంటున్నాడు.

ఆ గొంతు విని వెంకటసుబ్బమ్మ లోపలికొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది.

"ఇది మీకాడ భద్రంగా ఉంటాది గదా అమ్మాయ్?"

ఎప్పుడూ ఠక్కున జవాబు చెప్పే షైనీ, "ముందు ఇంకో రెండు చోట్ల దాచనీ అవ్వా, అప్పుడు చెప్తా" అంది, ఆమె ముఖంలోకి చూడలేక.