కరకట్ట రాళ్లలో కొండపువ్వు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్‌లో, నన్ను నాగాయలంక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. వెళ్లగానే అప్పగించిన పని కృష్ణా నది కరకట్టకు పాయింటింగ్. అంటే నీటి వైపు వాలున పేర్చిన రాళ్ల సందుల్లో మొక్కలు పీకి, మట్టి గీకి, సిమెంటు కూరడం. వానలు పడేలోగా ముగించాలి.

రెండో వారంలో బందరు నుంచి రజియా గారనే బోటనీ లెక్చరరు వచ్చారు. ఏటి ఒడ్డు మొక్కల వివరాలు రాసుకుంటూ కట్ట మీద నడుస్తున్న ఆమె, ఒకచోట ఆగి, పీకవద్దని మేస్త్రి సుబ్బారావును బతిమాలుతుంటే నేను వెళ్లాను. రాళ్ల సందుల్లో జానెడు మొక్కలు. చామంతి జాతివే, కాని చొక్కా గుండీ అంత పసుపు పూలు.

“ఇది డెల్టా మొక్క కాదండీ. కొండ చరియల్లో, రాతి పగుళ్లలో పెరిగేది. ఈ రాయి ఎక్కడిదండీ?” అన్నారు.

క్వారీ ఉన్న కొండ పేరు చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి తలెత్తారు.

“ఆ చరియంతా కొట్టేశారండీ. రెండేళ్లుగా వెతుకుతున్నాను. అక్కడ ఒక్కటీ మిగల్లేదు.”

గింజ ముదరడానికి మూడు వారాలు పడుతుందన్నారు. “పిచ్చిమొక్క కోసం పని ఆపుతామా సార్?” అన్నాడు సుబ్బారావు. అతని మాటా తప్పు కాదు. సందులు వదిలేస్తే అలల తాకిడికి రాళ్లు కదులుతాయి. కట్ట వెనకే ఊరుంది. పై అధికారి డీఈ గారికి ఫోన్ చేస్తే, గడువు దాటితే సంజాయిషీ నన్నే అడుగుతానన్నారు.

పని ఆపలేదు. అవతలి చివర నుంచి మొదలుపెట్టించి, ఆ ఇరవై మీటర్లు ఆఖరికి ఉంచాను.

ఆమె వచ్చి వెళ్లిన పదహారో రోజున తుపాను హెచ్చరిక వచ్చింది. ఆ గింజలకు దూది లాంటి కుచ్చు ఉంటుంది, గాలి లేస్తే ఒక్కటీ దక్కదు. రజియా గారు పొద్దున్నే బస్సులో వచ్చి, ముదిరిన పూలు కోసి గుడ్డ సంచుల్లో వేయడం మొదలుపెట్టారు. వాలు మీద ఆమె కాలు జారడం చూసి సుబ్బారావు తాపీ పక్కన పెట్టాడు.

“మీరు పైనుండండమ్మా, నేను తీస్తాను.”

రాయి కదలకుండా వేరు పెకలించడం అతనికే చేతనైంది. మరోచోట నాటేందుకు పదకొండు మొక్కలు వేళ్లతో సహా తీశాడు. మర్నాడు సాయంత్రానికి సందులన్నీ సిమెంటుతో మూసేశాం. తుపాను ఒడిశా వైపు మళ్లింది.

పీకిన మొక్కలు బతకలేదు. గింజలను ఆమె అటవీ శాఖ అనుమతి తీసుకుని, క్వారీ లేని మరో కొండ చరియలో చల్లారు. మరుసటి ఏడు కొన్ని పూశాయి. ఆమె పంపిన ఫొటో ఫోన్‌లో చూపిస్తే సుబ్బారావు, “మన మొక్కేనండీ!” అన్నాడు.

గడువు పైవాళ్లు వేస్తారు. పనిలో ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం సెక్షన్ ఇంజినీరు చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ అధికారాన్ని లారీలు తిరిగే వీలును బట్టే వాడాను. మిగిలిన కాలంలో మాత్రం, ఏ పనికైనా కూలీలను దింపే ముందు ఆ మేరంతా ఒకసారి నడిచి చూశాకే వరుస నిర్ణయించాను.