లేచిన కాడికే

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కాకకు, వలలు దొంగలపాలు కాకుండా పైనుంచి చూసుకోవడానికి డ్రోన్ కావాల్సి వచ్చింది. విడిభాగాలు తెచ్చి నేనే బిగిస్తానన్నాను. సంచిలో పట్టే మడత చట్రం, చిన్న కెమెరా, జీపీఎస్ అంటూ ఏది చెప్పినా తల గోక్కుని ఒకటే అడిగేవాడు.

"గదంత సరే తమ్మీ, మర్లి ఇంటికొస్తదా?"

"సిగ్నల్ పోయినా లేచిన కాడికే వస్తది కాకా."

కోపంతో ఇల్లు విడిచిపోయిన కొడుకు కోసం ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు.

మొదటిరోజు కాక, ఏ పనైనా తెప్ప మీది నుంచే చేసే అలవాటుకొద్దీ, డ్రోన్‌నూ అక్కణ్నుంచే లేపాడు. గాలికి తెప్ప పక్కకు కొట్టుకుపోయింది. డ్రోన్ బుద్ధిగా తిరిగొచ్చి, ఇందాక తెప్ప ఉన్నచోటే నీళ్లలోకి దిగి మునిగిపోయింది.

"దాని తప్పేం లేదు. లేచిన కాడికే వచ్చింది. మనమే జరిగినం," అన్నాడు. తెప్పను ఒడ్డుకు తిప్పాడు. "పోరడు పోయినంక మేం గూడ ఇల్లమ్ముకొని అలియాబాద్‌ల కిరాయికి దిగినం గదా తమ్మీ."

"ఇంకోటి చేసిస్త కాకా," అన్నాను. ఆయన వినలేదు.

వాళ్ల పాత ఇల్లు కొన్నవాళ్లు అప్పటికే దాన్ని కూలగొట్టి ప్లాట్ల రాళ్లు పాతారు. డ్రోన్ మునిగిన రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆయన ఆ రాళ్ల మధ్యే, రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడు.