నలభై మూడు గ్లాసుల ఎసరు

2023 ఆగస్టు 17, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు మదనపల్లె నుంచి మా చెల్లెలి కూతురు రెడ్డెమ్మ ఫోన్ చేసి, సంగటి చెడింది, రమ్మంది. కుప్పంలో హాస్టలు వంటమనిషిగా రిటైరై నేను పుంగనూరులో ఉంటున్నాను. రెడ్డెమ్మ టమాటా మండీల దగ్గర మెస్సు తెరిచింది ఆ రోజే. రెండు మండీల హమాలీలకు రాగి సంగటి పంపే ఆర్డరును నమ్ముకునే తెరిచింది.

బస్సెక్కి వెళ్లేసరికి ఒక మండీ మేస్త్రీ సగం కూడా ఖాళీ కాని పెద్ద డేక్సా గిన్నెను తెచ్చి దింపుతున్నాడు.

"ముద్ద పంపమ్మా అంటే అంబలి పంపిండావే! చేత్తో తినాల్నా, చెంబుతో తాగాల్నా? పక్క మండీవాళ్లు అప్పుడే హోటలుకు మారిపోయినారు. రేపు గూడా ఇట్లే ఉంటే మేమూ అంతే."

ఆయన వెళ్లాక రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది.

"లెక్క తప్పలేదు పెద్దమ్మా. ఇంట్లో గ్లాసు బియ్యానికి అయిదు గ్లాసుల ఎసరు, రెండు గ్లాసుల పిండి. ఈడ అన్నీ పదింతలు ఏసినా. జారుగా ఉండాదని కడాన ఇంకో నాలుగు గ్లాసుల పిండి సల్లినా."

ఆ పిండే పచ్చిగా ఉండలు కట్టింది. అది సరే, లెక్క తప్పనప్పుడు సంగటి జారిందెందుకు?

హాస్టలుకు కొత్త పాత్ర వస్తే మేము టెస్ట్ బాయిల్ చేసేవాళ్లం. ఉత్త నీళ్లు మరిగించి, ఎన్ని తగ్గాయో కొలవడమన్నమాట. అదే చేద్దామన్నాను.

"బియ్యం లేని ఎసరా! గ్యాసు దండగ గదమ్మా" అంటూనే పొయ్యి వెలిగించింది.

బియ్యం ఉడికేంత సేపు ఇంటి గిన్నెలో మరిగిస్తే ఒక గ్లాసు తగ్గింది. "అయితే డేక్సాలో పది తగ్గాల" అంది రెడ్డెమ్మ. డేక్సాలో యాభై గ్లాసులు పోసి అంతే సేపు మరిగించి కొలిచాం. మూడే తగ్గాయి.

బియ్యం, పిండి తాగే నీళ్లు పదింతలయ్యాయి కానీ ఆవిరిగా పోయేది మాత్రం పదింతలు కాలేదు. అది పాత్ర మూతి వెడల్పునీ, మంటనీ బట్టి ఉంటుంది. ఇంట్లో అయిదు గ్లాసుల్లో నాలుగు తిండికి, ఒకటి ఆవిరికి. ఇక్కడ తిండికి నలభై, ఆవిరికి మూడు. రెడ్డెమ్మ పోసింది యాభై. ఏడు ఎక్కువ.

మరునాడు నలభై మూడే పోసింది. మేస్త్రీ ముద్దను వేలితో నొక్కి చూశాడు. "ఇంకోటి ఎయ్యమ్మా" అన్నాడు.

వంట పెంచేటప్పుడు బియ్యాన్ని హెచ్చవేయవచ్చు. ఎసరును మాత్రం పాత్రలో కొలిచి తెలుసుకోవాలి.

పోయినవి: సగానికి పైగా డేక్సా సంగటి, పైన చల్లిన నాలుగు గ్లాసుల పిండి, పక్క మండీ ఆర్డరు. ఆ మండీవాళ్లు మళ్లీ రాలేదు.