పిట్టగోడ మీద పన్నెండు సూదులు

పక్కింటి పెద్దమ్మ చనిపోయిన సంగతి నాకు నర్సంపేటలో, మేనమామ వాళ్లింట్లో తెలిసింది. పరీక్షలు అయిపోయిన మర్నాడే నేను అక్కడికి వెళ్లాను. వారం తిరగకముందే ఒక పొద్దున మా బాపు మొదటి బస్సుకు వచ్చాడు. అత్త ఇచ్చిన చాయ్ చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు. "పెద్దమ్మ పోయింది బిడ్డా. మొన్న మాపటికే అంత అయిపోయింది" అన్నాడు. అప్పుడు నేను అడగవలసింది ఎట్లా పోయింది అని. కానీ నా నోట వచ్చిన మాట వేరు. "బొంత అయిందా?" అని అడిగాను. బాపు నా మొహం చూసి చాయ్ గిలాస కింద పెట్టాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. వరంగల్‌లో మిల్లు వెనక వాడలో, మా ఇంటికీ వాళ్లింటికీ నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. అమ్మ కంటే చాలా పెద్దది కనుక పెద్దమ్మ. వాడకట్టు మొత్తానికీ అదే పిలుపు. కొడుకు మిల్లులో పనిచేస్తాడు. కోడలిని నేను వదినా అంటాను. బొంతలు కుట్టడం పెద్దమ్మ సరదా. అమ్ముకోవడానికి కాదు, ఇంట్లో కప్పుకోను లేకా కాదు. ఒకటి పూర్తయితే ఎవరికో ఇచ్చేసేది, మర్నాడు ఇంకోటి మొదలుపెట్టేది. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల అతుకులు పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరుసలు కుట్టుకుంటూ పోయేది. వరుసకూ వరుసకూ మధ్య బొటనవేలు వెడల్పు. కొలబద్ద పెట్టగా నేనెన్నడూ చూడలేదు. ఎడమచేతి బొటనవేలిని ముందటి వరుస మీద ఆనించి, దాని వెంబడే సూది నడిపించేది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, డెబ్బై ఏడు ఎండాకాలంలో, అమ్మ ఏదో గిన్నె తిరిగి ఇచ్చి రమ్మని పంపింది. వెళ్లేసరికి పెద్దమ్మ సూదిని దర్వాజా వెలుతురుకు పట్టుకుని, దారం కొస నోట్లో తడిపి, ఎక్కించబోయి తప్పుతోంది. మళ్లీ తడుపుతోంది, మళ్లీ తప్పుతోంది. నన్ను చూసి, "ఏ పిల్లా, నీ కండ్లు జర నాకియ్యి" అంది. నేను భయపడి గిన్నె అక్కడే పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు పన్నెండు సూదులకు దారం ఎక్కించాను. వాటిని అరచేయంత చిన్న దిండుకు వరుసగా గుచ్చి, నాకు పల్లిపట్టి పెట్టింది.

మర్నాటి నుంచి అదే నా పని. సాయంత్రం ఖాళీ సూదులు గుచ్చిన దిండును ఆమె పిట్టగోడ మీద పెట్టేది. పొద్దున బడికి పోయే ముందు నేను పన్నెండింటికీ దారం ఎక్కించి అక్కడే పెట్టేదాన్ని. ఇట్లా తొమ్మిదేళ్లు. జ్వరం వచ్చిన రోజులు తప్ప మానలేదు. ఆ సంగతి కొంచెం గర్వంగానే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోలేను.

మా వాడలో ఆడవాళ్లకు బొంతల పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలంటే, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె గురించి చెప్పాలి. నెత్తిన గంప పెట్టుకుని ఆమె గల్లీ మొదట్లో కేక వేసిందంటే పెద్దమ్మ చేతిలో పని వదిలి బయటికి వచ్చేది. ఎవరి గడపలో బేరం సాగుతుంటే అక్కడ నిలబడి చీర కొంగు పట్టుకుని చూసేది. "గింత మెత్తటి చీర గిలాసకిస్తున్నవా? గిలాస సొట్టవోతది. ఇది నీ మనుమల దాక ఉంటది" అనేది. గిన్నెలామెకు ఒళ్లు మండేది. "నువ్వు బతికున్నన్ని రోజులు ఈ గల్లీల నాకు బోణీ గాదు పెద్దవ్వా" అని తిట్టుకుంటూ పోయేది. అయినా ఎండలో పోతుంటే పెద్దమ్మే పిలిచి చల్ల పోసేది.

ఎదురింటి టీచరమ్మ అట్లాగే వచ్చి చేరింది. చనిపోయిన తల్లి చీర ఒకటి గిన్నెలకు ఇవ్వబోయి, మూడుసార్లు చేతికిచ్చి మూడుసార్లు వెనక్కి తీసుకుంది. పెద్దమ్మ ఆమెను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. బజారులో మంచి దుప్పట్లు దొరుకుతుంటే ఈ కాలంలో బొంతలేమిటి, ఈ ఒక్క చీర వరకే అంది టీచరమ్మ. ఆ మాట అని ఐదేళ్లయింది. మధ్యాహ్నం మిల్లు కూత పడగానే ఇప్పటికీ సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తానా వేలికి పెట్టుకునే తన గడప దాటుతుంది.

నా సంగతీ అంతే. నాకు పొట్టిదైపోయిన ఆకుపచ్చ లంగాను అమ్మ గిన్నెలకు వేస్తుంటే ఏడ్చి గోల చేశాను. పెద్దమ్మ దాన్ని అడిగి తీసుకుంది. నీకొక బొంత కుడతాను, నడుమ ఇది పెడతాను అంది. నా చేతికి మొదటిసారి సూది ఇచ్చింది కూడా ఆ రోజే. "సూది మీద మోజుతోని ఎవలు రారు బిడ్డా. బట్టను ఇడువ బుద్ధిగాక వస్తరు. వచ్చినంక సూది ఇడువది" అని చెప్పింది.

మరి నువ్వెట్లా మొదలుపెట్టావని ఒకసారి అడిగాను. మరిపెడ దిక్కు పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అత్త ఒక మూట చింపిరి బట్టలు ముందు పడేసి కుట్టమందట. "కోపంల కుట్టిన. ముసల్దాన్ని పొడువలేక బట్టను పొడిచిన" అంది. అక్కడున్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. వదిన కూడా పక్కనే ఉంది. "అయితే అత్తమ్మా, నాక్కూడ ఒక మూట ఇయ్యరాదు" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దమ్మే. నవ్వు ఆగాక, సగం బొంత అయ్యేసరికి కోపం అయిపోయిందనీ, అయినా కుట్టడం మానలేకపోయాననీ చెప్పింది.

ఇంటర్‌కు వచ్చాక నాకు మాటల మీద ప్రేమ పుట్టింది. నూరు పేజీల నోటుబుక్కు కొని పెద్దమ్మ అనే మాటలు అందులో రాయడం మొదలుపెట్టాను. రాయడమంటే దిద్ది రాయడం. సూది గురించి పైన చెప్పిన మాట నా పుస్తకంలో "వస్త్రమును విడువలేక వచ్చెదరు" అని ఉంది. ఆమె అన్న తీరు నాకు నోటికి వచ్చు కనుక ఇక్కడ అట్లాగే రాయగలిగాను. మిగతా చాలా మాటలు ఆమె ఎట్లా అందో ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. నేను దిద్దిన మాటలే మిగిలాయి.

అట్లా దిద్దే అలవాటు నోటుబుక్కుతో ఆగలేదు.

రెండేళ్లుగా పెద్దమ్మ కళ్లకు పొర కమ్ముతోంది. దవాఖానకు రమ్మంటే, చలికాలం పోనీ అనేది. చలికాలం పోతే ఎండలు పోనీ అనేది. చేతిలో ఉన్నది నా బొంత. నడుమ ఆకుపచ్చ లంగా గుడ్డ, చుట్టూ టీచరమ్మ తల్లి చీర ముక్కలు, వదిన పెళ్లి రవిక ముక్క. వరుసలు వంకర పోతున్నాయి. ఒకటి పైకి ఎక్కుతుంది, ఇంకొకటి కిందికి జారుతుంది. నేను చూశాను, అనలేదు.

ఈ సంవత్సరం మాఘమాసంలో ఆమె కూతురిని చూడడానికి మూడు రోజులు మరిపెడ వెళ్లింది. నేను వదినను అడిగి బొంత మా ఇంటికి తెచ్చుకున్నాను. చివరి నాలుగు వరుసలు విప్పేశాను. స్కేలు పెట్టి, సుద్దముక్కతో గీతలు గీసి, అచ్చు పుస్తకంలో పంక్తుల్లాగా మళ్లీ కుట్టాను. వేళ్లు నొప్పి పుట్టాయి. ఆమె సంతోషిస్తుందనే అనుకున్నాను. తిరిగి వచ్చే పొద్దున పన్నెండు సూదులకూ దారం ఎక్కించి గోడ మీద సిద్ధంగా పెట్టాను.

ఆమె వచ్చి, కాళ్లు కడుక్కుని, బొంత ముందేసుకుంది. బొటనవేలు వరుస మీద ఆనించింది. వేలు కదిలి, ఆగింది.

"ఎవలు ముట్టిన్రు దీన్ని?"

"నేనే పెద్దమ్మా. జర వంకర పోయినయి. సాపు చేసిన."

"నేను కుట్టింది?"

"విప్పిన."

ఆమె చాలాసేపు ఆ నాలుగు వరుసల మీద వేలు అటూ ఇటూ నడిపించింది.

"వంకర నాకెర్క లేదనుకున్నవా బిడ్డా? కండ్లకు కనవడకున్నా వేలికి తెలుస్తది. తెలిసే కుడుతున్న" అంది. తర్వాత బొంత మడిచి, "మంచిగనే కుట్టినవ్. నాకంటె మంచిగ కుట్టినవ్" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం గోడ మీద దిండు లేదు. ఇక నా పని ఆమెకు వద్దన్నమాట అనుకున్నాను. మర్నాటి నుంచి వెనక తలుపు నుంచి కాలేజీకి పోయాను. ఆ గోడ వైపు చూడలేదు. తప్పు ఒప్పుకోవడానికి మాటలు వెతికాను. మాటల మీద ప్రేమ ఉన్నదాన్ని కదా, మంచి మాట దొరికాక వెళదామనుకున్నాను. ఈ లోపల పరీక్షలు వచ్చాయి. అయ్యాక వెళదామనుకున్నాను. అయ్యాక, ముందు నర్సంపేట వెళ్లొద్దామనుకున్నాను. "జర తప్పయింది పెద్దమ్మా" అంటే సరిపోయేది. ఆ మాటకు నోటుబుక్కు అక్కర్లేదు.

నేను వరంగల్ వచ్చేసరికి వాళ్ల ఇంటి ముందు చెప్పుల గుంపు కూడా లేదు. వదిన నన్ను చూసి లోపలికి వెళ్లి, బొంతా దిండూ తెచ్చి ఒళ్లో పెట్టింది. మరిపెడ నుంచి వచ్చిన పొద్దున నేను ఎక్కించి పెట్టిన ఆ పన్నెండు సూదులనూ పెద్దమ్మ రోజుకొకటి చొప్పున పొదుపుగా వాడుకుందట. అవి అయిపోయిన సాయంత్రం నుంచి దిండు మళ్లీ గోడ మీద పెట్టడం మొదలుపెట్టిందట. పొద్దున తడిమి చూసుకుని, సూదులు ఖాళీగా ఉంటే లోపలికి తీసుకుపోయేదట.

"రోజు పెట్టింది. నేనెక్కిస్త అత్తమ్మా అంటే ఇయ్యలేదు. పిల్లకు పరీక్షలున్నయి, అయినంక అదే ఎక్కిస్తది అన్నది" అని చెప్పింది వదిన. నిష్ఠూరంగా చెప్పలేదు. ఆమెకు మా మధ్య జరిగింది తెలియదు.

బొంత విప్పి చూశాను. నేను స్కేలు పెట్టి కుట్టిన నాలుగు వరుసలు అట్లాగే ఉన్నాయి. పెద్దమ్మ వాటిని విప్పలేదు. వాటి పక్కన ఇంకా నాలుగు వరుసలు కుట్టింది. నా చివరి వరుస మీద బొటనవేలు ఆనించే కుట్టి ఉంటుంది. మొదటిది దాదాపు సాపుగా వచ్చింది. రెండోది కొంచెం కిందికి జారింది. నాలుగోదానికి వచ్చేసరికి మళ్లీ ఆమె వంకరే. ఐదో వరుస ఆకుపచ్చ గుడ్డ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ దారం వేలెడు కూడా మిగల్లేదు.

ఆ వరుస నేను పూర్తి చేయలేదు. చేస్తానో లేదో తెలియదు. టీచరమ్మ చేయమంటుంది, అమ్మ వద్దంటుంది.

ఈ పొద్దున పన్నెండు సూదులకూ దారం ఎక్కించి, దిండును పిట్టగోడ మీద పెట్టాను. మధ్యాహ్నం మిల్లు కూత పడింది. టీచరమ్మ గడప దాటి వచ్చి, దిండును చూసి అక్కడే నిలబడిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పన్నెండు దారాలూ గాలికి లేచి, గోడ అవతలికి వాలుతున్నాయి.