గోడాదరాలో గోల్కొండ

చలి మొదలైందంటే సూరత్‌లో రోడ్డు పక్క బండ్ల దగ్గర పోంక్ వాసన గుప్పుమంటుంది. పాలు పట్టిన పచ్చి జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, ఆ లేత గింజల్లో నిమ్మకాయ కారప్పూస కలుపుకుని తినడం ఇక్కడి వేడుక. మొన్న సాయంత్రం ఆ వాసన తగలగానే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, చచ్చినా దాన్ని పోంక్ అనేది కాదు. "ఊసబియ్యానికి గీ పేరెవడు పెట్టిండే?" అని బండివాడితో తెలుగులో దెబ్బలాడి, వాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదని తేలాక, తృప్తిగా నాకో పొట్లం కొనిపెట్టేది.

నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళోని గోడాదరా పేటలో మరమగ్గాలు నడిపేవాడు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మా గది సరిగ్గా ఒక ఖాతా నెత్తిన ఉండేది. కింద మగ్గాలు దడదడలాడుతుంటే పైన అరలో గిన్నెలు మెల్లగా అంచుకు నడిచొచ్చేవి, ఉప్పు అందుకోమనడానికి కూడా కేకలు పెట్టాల్సి వచ్చేది. వారానికొక రోజు కరెంటు సెలవు. ఆ రోజు పావురాల కువకువలు, పక్కింటి ఒడియా వాళ్ళ పోపు చిటపటలు, దూరంగా రైలు కూత అన్నీ ఒక్కసారిగా చెవిన పడేవి, బాపమ్మ డాబా మెట్ల మీద చేటతో కూర్చుని కందిపప్పు ఏరుతూ గోల్కొండ పాదుషాల చరిత్ర ఎత్తుకునేది.

ఆమె చరిత్రంతా ఖాతా భాషలోనే నడిచేది, అక్కడ యజమాని షేటు, పని చేయించే మేస్త్రీ మాస్టర్. "మొదటి పాదుషా ఇరాన్ నుంచి పనికొచ్చిండు. షేటేమో బహమనీ రాజు. నమ్మకంగ చేసిండని మాస్టర్ని చేసి మన తెలంగాణ అప్పజెప్పిండు. షేటు దెబ్బతినంగనే గీయన సొంత ఖాతా పెట్టుకున్నడు. గదే గోల్కొండ." చాలాకాలం నేను బహమనీ సుల్తానంటే సఫారీ సూటు వేసుకుని స్కూటరు మీద వచ్చే మనిషనే అనుకున్నాను.

కథ ముగిశాక మా ఆట మొదలయ్యేది. డాబా కోట, మెట్ల కింది ఇనుపగేటు కోటగుమ్మం. గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే గోల్కొండ కొండ మీద వినపడేదట, మాకూ వినపడాలి కనుక యుద్ధాలన్నీ కరెంటు సెలవునాడే. చిల్లుల గిన్నె కిరీటం పెట్టుకుని పాదుషాగా నేను పైన కూర్చునేదాన్ని. ఒడియా పిల్లలు, బిహారు పిల్లలు ఢిల్లీ సైన్యం. దొంగచాటుగా గేటు తీసే ద్రోహి వేషానికి మాత్రం ఎవరూ ఒప్పుకోక ప్రతిసారీ పేచీయే.

ఒకనాడు ఇంటి ఓనరు కూతురు హేతల్ వచ్చి "మారే పణ్ రమ్వుం ఛే" అంది, తనూ ఆడుతుందట. సైన్యంలో చేరమంటే మూతి తిప్పి, పాదుషా వేషమే కావాలంది. నాకు ఒళ్ళు మండిపోయింది. డాబా వాళ్ళదే, మెట్లు వాళ్ళవే, పొద్దున్నే వాళ్ళు తిప్పితేనే మా కుళాయిలో నీళ్ళు. ఆ సందు మొత్తంలో మాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క గోల్కొండ, అదీ ఇచ్చేస్తే మాకింకేం మిగులుతుంది? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని గిన్నె రెండు చేతులా గట్టిగా పట్టుకుని బాపమ్మ దగ్గరికి పరుగెత్తాను.

బాపమ్మ పప్పులో రాయి తీసి పారేసి తీర్పు చెప్పింది. "పాదుషాలు మాత్రం మనోళ్ళా ఏంది? బయటి నుంచి వచ్చినోళ్ళేనాయె. మొదటాయన చిన్నకొడుకు ఇబ్రహీము తెలుగు నేర్సిండు, మన కవులను కూసుండబెట్టుకుని పద్యాలు చెప్పించుకున్నడు. గందుకే మనోళ్ళు మల్కిభరాముడని ముద్దుగ పిలుసుకున్నరు. గీ పిల్లను గూడ నేర్సుకోమను. వస్తే గిన్నె ఇయ్యాలె, మరి."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. హేతల్‌కు తెలుగు రావడమా, అయ్యే పనేనా! కానీ ఆ పిల్ల ఆ రోజు నుంచి బాపమ్మను వదల్లేదు. పప్పు ఏరింది, సకినాలు చుట్టింది, తిట్లతో సహా నేర్చుకుంది. పతంగుల పండుగ దాటాక ఒక సెలవునాడు డాబా మెట్టెక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏయ్, దర్వాజ తీసినోని కాళ్ళిరగ్గొడ్త! జర పైలం!" అని అరిచింది. అచ్చం బాపమ్మే! ఢిల్లీ సైన్యమంతా నేల మీద దొర్లి నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గిన్నె తీసి నా చేతులతోనే హేతల్ తలమీద పెట్టాను. ఆనాటి నుంచి ఆమె మాకు హేతమ్మ పాదుషా. ద్రోహి వేషం నాకు పడింది, నిజం చెప్పాలంటే అందులోనే మజా ఎక్కువ.

ఇప్పుడు ఆ ఖాతాలో మగ్గాలు లేవు, చీరల పార్సిళ్ళు కట్టే గోదాముంది. డాబాకు తాళం. బాపమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేనూ హేతల్ ఈ ఊళ్ళోనే, చెరో వైపు కాపురముంటున్నాం.

పోయిన ఆదివారం హేతల్ మా ఇంటికొచ్చేసరికి మా పాప అన్నం ముందు అలిగి కూర్చుంది. "ఏందే బిడ్డా, గట్ల మూతి ముడుసుకున్నవ్? జర రెండు బుక్కలు తిను" అని బుజ్జగించింది. పాప నా వైపు తిరిగి "మమ్మీ, మాసీ షుం కహే ఛే?" అని అడిగింది, పిన్ని ఏమంటోందని. రెండు ముద్దలు తినమంటోందని చెప్పాను. నోరు మూసుకున్నాక గానీ తెలియలేదు, నేనూ గుజరాతీలోనే చెప్పానని.

హేతల్ నా చెయ్యి మీద చురుక్కుమనేలా ఒక్కటి వేసింది. "తెలుగుల చెప్పరాదే! బిడ్డకెట్ల వస్తది మరి?"